పైకి రాని మాగ్మా: అఫార్ నేల కింద ఏం జరుగుతోంది?

2025 నవంబరు చివరి వారంలో ముంబై-హైదరాబాద్ మధ్య తిరగాల్సిన కొన్ని విమానాలు రద్దయ్యాయి. తుపాను లేదు, పొగమంచు లేదు. దాదాపు నాలుగు వేల కిలోమీటర్ల అవతల, ఇథియోపియాలో హైలీ గుబ్బి అనే కొండ నవంబరు 23, ఆదివారం నాడు పేలింది. బూడిద 14 కిలోమీటర్ల ఎత్తుదాకా లేచి, ఎర్ర సముద్రం దాటి, యెమెన్, ఒమన్ మీదుగా మర్నాటి రాత్రికల్లా గుజరాత్, రాజస్థాన్, ఢిల్లీ ఆకాశంలోకి వచ్చేసింది. ఈ బూడిదను మన పొయ్యిలో బూడిదతో పోల్చకూడదు. ఇది మెత్తగా పొడైన రాయి, గాజు. జెట్ ఇంజిన్ లోపలి వేడికి కరిగి, ఇంజిన్‌లో తిరిగే రెక్కలకు పేరుకుపోతుంది. అందుకే ఆ దారిన వచ్చిన విమానాలను ఆపి, తనిఖీ చేశాకే మళ్లీ ఎగరనిచ్చారు.

టీవీల్లో ఆ రెండు రోజులూ ఒకటే మాట: పన్నెండు వేల ఏళ్ల తర్వాత నిద్రలేచిన అగ్నిపర్వతం. కుంభకర్ణుడి కథలా వినసొంపుగానే ఉంది. కానీ అందులో రెండు చిక్కులున్నాయి. మొదటిది, పన్నెండు వేల ఏళ్లుగా పేలిన రికార్డు లేదంటే పేలలేదని కాదు. మనుషులు అరుదుగా తిరిగే ఎడారిలో ఉన్న కొండ అది, దాని చరిత్ర రాసిపెట్టినవాళ్లు లేరు. రెండోది అంతకన్నా ముఖ్యం. ఆ కొండ నవంబరులో ఉన్నట్టుండి లేవలేదు. నాలుగు నెలల ముందే, జూలైలో, దాని కిందికి మాగ్మా వచ్చి చేరింది. అదీ పక్క కొండ నుంచి. ఆ సంగతి రాడార్ ఉపగ్రహాలు అప్పుడే పట్టుకున్నాయి. మనదాకా వార్త రాలేదు, ఎందుకంటే అప్పటికి అది మన విమానాలకు అడ్డం పడలేదు.

మాగ్మా, లావా ఒకటే పదార్థం, కరిగిన రాయి. నేల లోపల ఉన్నంతసేపు మాగ్మా, బయటికొస్తే లావా. మనం చూసేది లావాను. నేల రెండు వైపులకూ సాగి చీలే పగులు లోయల్లో అసలు పని చేసేది మాత్రం పైకి రాని మాగ్మాయే. ఇథియోపియాలోని అఫార్ ప్రాంతం దీనికి ప్రపంచంలోకెల్లా మంచి ఉదాహరణ.

సాగిన నేల కింద రాయి ఎందుకు కరుగుతుంది

మ్యాపులో ఎర్ర సముద్రం, ఏడెన్ సింధుశాఖ కలిసే మూల చూడండి. ఆ రెండు నీటి చీలికలు, కెన్యా మీదుగా ఇథియోపియాను కోసుకుంటూ వచ్చే పగులు లోయ, మూడూ కలిసే చోటే అఫార్. అరేబియా ఫలకం (ఫలకమంటే భూమి పైపెంకులో కదిలే పెద్ద ముక్క), సోమాలియా ఫలకం, మిగతా ఆఫ్రికా ఉన్న నూబియా ఫలకం అక్కడ ఒకదాన్నొకటి వదిలి జరుగుతున్నాయి. ఇథియోపియా మధ్యలోని లోయ ఏడాదికి సుమారు అర సెంటీమీటరు తెరుచుకుంటుంది. ఉత్తరాన ఎర్ర సముద్రం వైపు చీలిక ఒకటి నుంచి రెండు సెంటీమీటర్ల దాకా. అక్కడి దనకిల్ పల్లంలో నేల సముద్ర మట్టానికి వంద మీటర్లకు పైగా కిందికి దిగిపోయింది. అఫార్ జనం తరతరాలుగా ఆ పల్లంలో ఉప్పు పలకలు కోసి, ఒంటెల మీద వేసుకుని మెట్ట ప్రాంతాలకు తీసుకుపోతారు.

చపాతీ పిండిని రెండు వైపులా లాగితే మధ్యలో పలచబడినట్టే భూపటలం కూడా పలచబడుతుంది. మామూలు ఖండం కింద దాని మందం 35-40 కిలోమీటర్లు. దనకిల్ కింద 15 కిలోమీటర్ల చిల్లర. పైన పలచబడ్డ చోటికి కింద ఉన్న ప్రావారం (భూపటలం కింది మందపాటి పొర, మాంటిల్) రాయి మెల్లగా ఎక్కి వస్తుంది. ఆ రాయి ముందే వెయ్యి డిగ్రీలకు పైబడిన వేడితో ఉంది. కరగకపోవడానికి కారణం మీదున్న బరువు. కుక్కర్లో నీళ్లు వంద డిగ్రీలు దాటినా నీళ్లుగానే ఉంటాయి కదా. ఆవిరి ఒక్కసారిగా వదిలేస్తే, మంట పెంచకుండానే కుతకుతమని మరిగిపోతాయి. ప్రావారం కథా అంతే. ఎవరూ దాన్ని కొత్తగా వేడి చేయరు. పైకి వచ్చేకొద్దీ ఒత్తిడి తగ్గి, అందులో కొంత శాతం కరుగుతుంది. అఫార్ కింద మరీ లోతు నుంచి ఎగదన్నుకొచ్చే అదనపు వేడి కూడా తోడైంది.

సుమారు 3 కోట్ల ఏళ్ల క్రితం ఆ వేడి వల్లే ఇథియోపియా, యెమెన్ ప్రాంతాల మీద లావా వరదలా పరుచుకుంది. మన దక్కన్ నల్లరాయి పొరలూ అలాంటి వరదలే, కాకపోతే వాటి వయసు దాదాపు 6.6 కోట్ల ఏళ్లు. ఆదిలాబాద్ వైపు పత్తి పండే నల్లరేగడి ఆ లావా చివికి మట్టయిందే.

గది అన్నారు గాని గది కాదు

స్కూలు పుస్తకంలో అగ్నిపర్వతం బొమ్మ అందరికీ గుర్తే. కొండ, కొండ కింద గుండ్రటి ఎర్ర సంచి, సంచి నుంచి పైకి ఒక గొట్టం. సంచి పక్కన "మాగ్మా గది" అని రాసి ఉంటుంది. ఆ బొమ్మ వేసినవాళ్లను తప్పుపట్టలేం గాని, అది మనసులో పాతుకుపోయి చాలా అపార్థాలకు కారణమైంది. కొండ కింద సలసల కాగే గంగాళం ఒకటి ఉందని, నిండగానే పొంగుతుందని అనుకుంటాం.

నిజంగా లోపల ఉండేదాన్ని ఊహించుకోవాలంటే ఒక గిన్నెలో బియ్యం పోసి, గింజల సందులు నిండేంత నీళ్లు పోయండి. గిన్నె వంచితే బియ్యం కదలవు, నీళ్లు మాత్రం సందుల్లోంచి మెల్లగా జారతాయి. నేల కింద మాగ్మా ఎక్కువ భాగం ఇలాగే ఉంటుంది. గింజల స్థానంలో ఖనిజాల స్ఫటికాలు, వాటి మధ్య కొంచెం ద్రవం. గింజలు ఒకదానికొకటి తగలనంతగా, అంటే దాదాపు సగం దాకా, ద్రవం పెరిగితే తప్ప ఆ ముద్ద మొత్తంగా కదిలి పైకి రాలేదు. వేల ఏళ్లు అలా ముద్దగానే ఉండి, ఏదో ఒక చోట సందుల్లోని ద్రవం ఊరి, చిన్న మడుగులా చేరుతుంది. కదిలేది ఆ మడుగు.

ఇక కదలకుండానే చల్లారిపోయిన ముద్దలు లెక్కలేనన్ని. ప్రకాశం జిల్లా చీమకుర్తిలో తవ్వే బ్లాక్ గెలాక్సీ రాయి అలాంటిదే. వ్యాపారంలో గ్రానైట్ అంటారు గాని అది గాబ్రో జాతి రాయి. వంద కోట్ల ఏళ్లకు ముందే నేల లోపల తీరిగ్గా చల్లారిన మాగ్మా. అందులో తళతళలాడే చుక్కలు ఆ ద్రవంలో నింపాదిగా పెరిగిన స్ఫటికాలు. వంటింటి గట్టుకు ఆ రాయి వేయించుకున్నవాళ్లు రోజూ పైకి రాని మాగ్మా మీదే కూరగాయలు తరుగుతున్నారు.

పగులు లోయలో ఇంకా చల్లారని మాగ్మాను మనుషులు అనుకోకుండా తాకిన సందర్భం కూడా ఉంది. కెన్యాలో నకురు పట్టణం పక్కన మెనెంగై అనే పెద్ద అగ్నిబిలం ఉంది. అక్కడ భూమి వేడితో కరెంటు తీయడానికి బావులు తవ్వుతుంటే, సుమారు రెండు కిలోమీటర్ల లోతులో డ్రిల్లు మాగ్మాలోకి దిగింది. పైకొచ్చిన ముక్కల్లో తాజా గాజు కనిపించింది. డ్రిల్లింగ్ నీళ్లు తగలగానే స్ఫటికాలు పెరిగే వ్యవధి లేక మాగ్మా గాజైపోయింది. కొండ మాత్రం పేలలేదు. బెలూనుకు సూది గుచ్చినట్టు అవుతుందని భయపడేవాళ్లకు ఇదే జవాబు. కెన్యా ఇప్పుడు తన కరెంటులో 40 శాతానికి పైగా పగులు లోయ వేడి నుంచే తీసుకుంటోంది.

చూడకుండా ఎలా తెలుస్తుంది? మూడు దారులున్నాయి. భూకంప తరంగాల్లో ఎస్ రకం తరంగాలు ద్రవంలోంచి వెళ్లలేవు, ముద్దలాంటి చోట నెమ్మదిస్తాయి. కరిగిన రాయి గట్టి రాయికన్నా కరెంటును బాగా పోనిస్తుంది, కాబట్టి భూమిలో సహజంగా పుట్టే విద్యుత్ ప్రవాహాలను కొలిస్తే అదెక్కడుందో పట్టేయొచ్చు. మూడోది ఉపగ్రహం రాడార్, నేల సెంటీమీటరు ఉబ్బినా చెబుతుంది.

పాడుబడ్డ బావిలోకి కేకేస్తే అడుగు నుంచి ప్రతిధ్వని వస్తుంది. అమెరికాలో న్యూ మెక్సికో రాష్ట్రంలోని సొకారో దగ్గర ఒక మాగ్మా పొర అచ్చం అలాగే దొరికింది. అది కూడా పగులు లోయే, రియో గ్రాండే నది పారేది. అక్కడి చిన్న భూకంపాల రికార్డుల్లో అసలు తరంగాల వెనకాలే ఇంకో అల వస్తుండటాన్ని అలన్ శాన్‌ఫర్డ్ బృందం గమనించింది. 19 కిలోమీటర్ల లోతులో ఏదో పొరకు తగిలి తిరిగొస్తున్న అల అది. లెక్క కడితే తేలింది: సుమారు 3,400 చదరపు కిలోమీటర్ల మేర చాపలా పరుచుకున్న మాగ్మా, మందం మాత్రం వంద మీటర్ల పైచిలుకు. పైన నేల ఏడాదికి రెండు మూడు మిల్లీమీటర్లు లేస్తోంది. అంత మాగ్మా ఉండి కూడా అక్కడ పేలుడు సూచనే లేదు. లోతు ఎక్కువ, పొర పలచన.

2005లో తెరుచుకున్న 60 కిలోమీటర్లు

సొకారోలో అడ్డంగా పరుచుకున్న మాగ్మా, అఫార్‌లో నిలువునా నిలబడుతుంది. తలుపు సందులో కాగితం దూర్చినట్టు రాళ్లను నిలువుగా చీల్చుకుని దూరే ఈ పలచటి మాగ్మా గోడను డైక్ అంటారు. 2005 సెప్టెంబరులో అఫార్‌లోని దబ్బాహు కొండ దగ్గర జరిగింది ఉపగ్రహాలు పట్టుకున్న డైకుల్లో చాలా పెద్ద ఘటన.

సెప్టెంబరు మధ్య నుంచి మూడు వారాల పాటు వరస భూకంపాలు. వాటిలో 160కి పైగా 3.9 తీవ్రతను దాటినవి. సెప్టెంబరు 26న దాఉరే అనే చోట నేల అర కిలోమీటరు పొడవున పగిలి, బూడిద, తేలికరాయి ఎగిరిపడ్డాయి. మేకలు, ఒంటెలు మేపుకునే కాపరులకు కనిపించింది అంతే. అది చిన్న పేలుడు. ప్రపంచంలో ఎక్కడా పెద్ద వార్త కాలేదు.

తర్వాత శాస్త్రవేత్తలు ఎన్విశాట్ ఉపగ్రహం రాడార్ చిత్రాలను ముందూ వెనకా పోల్చి చూశారు. 60 కిలోమీటర్ల పొడవున నేల రెండుగా తెరుచుకుని ఉంది. కొన్నిచోట్ల ఎనిమిది మీటర్ల వెడల్పు. మధ్య భాగం రెండు మూడు మీటర్లు కుంగి, రెండు అంచులూ లేచాయి. లోపల ఆ సందును నింపిన మాగ్మా సుమారు రెండు ఘన కిలోమీటర్లు. మన లెక్కలో దాదాపు 70 టీఎంసీలు. పులిచింతల ప్రాజెక్టును అంచుదాకా నింపినా ఇంకా 24 టీఎంసీలు మిగులుతాయి. అందులో నేల మీదికి వచ్చినది లెక్కలోకి కూడా రానంత. డైక్ పైకొన చాలాచోట్ల నేలకు రెండు కిలోమీటర్ల కిందే ఆగిపోయింది.

ఎనిమిది మీటర్లంటే ఆ చీలిక వేగంతో నాలుగైదు వందల ఏళ్ల సాగుడు. ఫలకాలు ఏటా మిల్లీమీటర్ల లెక్కన జరుగుతున్నా, చీలిక మాత్రం ఏటా మిల్లీమీటర్ల లెక్కన తెరుచుకోదు. రాయి రబ్బరులా సాగి, బిగుసుకుని, వందల ఏళ్లు ఓర్చుకుంటుంది. ఆ తర్వాత మాగ్మా వచ్చి చీలిస్తే, బాకీ అంతా కొన్ని వారాల్లో తీరుతుంది. డైక్ ఎప్పుడూ లోయ పొడవునే పరిగెత్తడానికి కారణమూ ఇదే. నేలను లాగుతున్న దిక్కుకు అడ్డంగా చీల్చడం మాగ్మాకు తేలిక. పైకి ఎక్కాలంటే మీది పొరల బరువుతో, చల్లదనంతో పోరాడాలి. పక్కకు పోవడానికి దారి ముందే సిద్ధంగా ఉంది.

అక్కడితో ఆగలేదు. 2010 దాకా అదే చీలికలో మరో 13 డైకులు దూరాయి. మొదటిదానితో కలిపి 14. వాటిలో నేల మీద పేలుడు కనిపించింది 2005, 2007, 2009, 2010లో, నాలుగుసార్లే. ఆ తర్వాత దబ్బాహు కింద కరెంటు ప్రవాహాలు కొలిచినప్పుడు కనీసం 500 ఘన కిలోమీటర్ల మాగ్మా జాడ తేలింది. 312 టీఎంసీల నాగార్జునసాగర్‌లు యాభై ఐదుకు పైగా పడతాయి అందులో. అదీ ముద్ద రూపంలోనే, చాలా భాగం పటలం అడుగున, ఇంకా కింద. ఇప్పటి వేగంతో వాడుకుంటే దాదాపు 50 వేల ఏళ్లకు సరిపడే నిల్వ.

గోలీసోడా లెక్క

ఇప్పుడు హైలీ గుబ్బి దగ్గరికి వద్దాం. దానికి పది పదిహేను కిలోమీటర్ల దూరంలో ఎర్తా అలే అనే అగ్నిపర్వతం ఉంది. వందేళ్లకు పైగా పేరున్న లావా చెరువు దానిది. ఎత్తు 613 మీటర్లే, మన తిరుమల కొండ కన్నా తక్కువ. 2017 జనవరిలో దాని పక్క వాలు పగిలి లావా బయటికొచ్చినప్పుడు చెరువు మట్టం దిగిపోయింది. 2025 జూలై మధ్యలో ఎర్తా అలే మళ్లీ పేలింది. అప్పుడే నేల కింద ఒక డైక్ ఆగ్నేయంగా, హైలీ గుబ్బి అడుగు మీదుగా, 30 కిలోమీటర్లకు పైగా పాకింది. కొండ మీద కొన్ని సెంటీమీటర్ల ఉబ్బు కనిపించింది.

ఎర్తా అలేలో లావా పాయసంలా పారుతుంది. మరి హైలీ గుబ్బి 14 కిలోమీటర్లు ఎందుకు ఎగదన్నింది? పేలుడుకు బలం ఇచ్చేది ద్రవం కాదు, అందులో కరిగి ఉన్న వాయువులు. నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్, సల్ఫర్ డయాక్సైడ్. గోలీసోడాలో గోలీ బిగిసి ఉన్నంతసేపు గ్యాసు కనపడదు. గోలీ లోపలికి నొక్కగానే బుడగలు పుట్టి నురగ తన్నుకొస్తుంది. లావా చెరువు ఉన్న కొండ మూత తీసిన సీసాలాంటిది, గ్యాసు రోజూ కొంచెం కొంచెం పోతూనే ఉంటుంది. చాలాకాలంగా నోరు మూసుకున్న కొండలో పోయే దారి లేదు. దాని అడుగున ఉన్న పాత ముద్దకు కొత్త వేడి, కొత్త గ్యాసు తగిలితే ఒత్తిడి పేరుకుంటుంది.

ప్రాణనష్టం జరిగినట్టు వార్తలు రాలేదు. కానీ అఫ్దేరా చుట్టుపక్కల పల్లెల్లో మేత మీదంతా బూడిద పడింది. అక్కడ ఆస్తి అంటే మేకలు, ఒంటెలే. మనకు విమానాలు రద్దు, వాళ్లకు మందల ఆకలి.

ఇలాంటప్పుడల్లా "ఆఫ్రికా రెండు ముక్కలవుతోంది" అని వీడియోలు తిరుగుతుంటాయి. 2018లో కెన్యాలో మై మహియూ దగ్గర రోడ్డును చీల్చిన పెద్ద గోతి బొమ్మ వాటిలో తప్పక ఉంటుంది. ఆ గోతిని తేల్చింది ముఖ్యంగా భారీ వర్షాలు. లోయలో పేరుకున్న మెత్తటి అగ్నిపర్వత మట్టిని నీళ్లు కొట్టుకుపోగా పైకప్పు కూలింది. అఫార్ ఒకనాటికి సముద్రం అవుతుందన్నది గట్టి అంచనాయే, కానీ దానికి ఇంకా లక్షల ఏళ్లు పడుతుంది.

పగుళ్లన్నీ సముద్రాలు కావాలని కూడా లేదు. మన ప్రాణహిత-గోదావరి లోయ అలా మొదలై మధ్యలో ఆగిన పగులే. పాతిక కోట్ల ఏళ్లకు ముందు అక్కడ నేల కుంగుతూ ఉంటే, ఆ జాగాను నింపింది నదుల ఇసుక, అడవుల శిథిలాలు. కొత్తగూడెం నుంచి మంచిర్యాల దాకా సింగరేణి తవ్వుతున్న బొగ్గు అదే. మణుగూరు దగ్గర పగిడేరులో బోరు నుంచి వేడినీళ్లు ఉబికి వస్తుంటాయి. అది లోతుకు దిగి వేడెక్కి తిరిగొచ్చే నీరు, దాని కింద మాగ్మా లేదు. అఫార్‌లో ఆ జాగాను నింపుతున్నది మాగ్మా.

పేలనిదాన్ని కాచుకుని ఉండటం

పేలే కొండ కన్నా పేలకుండా కదిలే మాగ్మా అధికారులకు పెద్ద టెన్షన్. 2024 సెప్టెంబరు నుంచి ఇథియోపియా రాజధాని అడిస్ అబాబాకు తూర్పున, అవాష్ దగ్గర ఫెంటాలే కొండ చుట్టూ నేల వణకడం మొదలైంది. ఆ కొండ చివరిసారి పేలింది 1820లో. డిసెంబరు చివరికి కంపనాలు ఉత్తరాన దోఫెన్ కొండ వైపు జరిగాయి. రాడార్ చిత్రాలు చూస్తే మళ్లీ డైకే, ఈసారి దాదాపు 50 కిలోమీటర్లు. జనవరి 3న దోఫెన్ దగ్గర నేల పగిలి ఆవిరి, మట్టి, రాళ్లు చిమ్మాయి. మర్నాడు 5.7 తీవ్రతతో భూకంపం. అడిస్‌లో పై అంతస్తుల వాళ్లు రాత్రిళ్లు మెట్లు దిగి రోడ్డు మీదికొచ్చారు. పక్కనే కెసెం ఆనకట్ట, ఇటుపక్క జిబూటీ రైలు మార్గం, చెరకు తోటలు. పదుల వేల మందిని ఊళ్లు ఖాళీ చేయించి గుడారాల్లో ఉంచారు.

ఇలాంటి చోట ఏ నిర్ణయం తీసుకున్నా తిట్లు తప్పవు. జనాన్ని తరలించాక పేలకపోతే అనవసరంగా హడావిడి చేశారంటారు. తరలించకుండా పేలితే సరేసరి. నిజానికి దబ్బాహు లెక్క చూసినవాళ్లకు పేలకపోవడమే ఎక్కువ అవకాశం అని తెలుసు. అయినా ఇళ్లు కూల్చడానికి లావా అక్కర్లేదు, డైక్ చీల్చుకుపోయేటప్పుడు పుట్టే భూకంపాలు చాలు. తరలించింది సబబే అని నా అభిప్రాయం.

ఫిబ్రవరి 14న 6.0 తీవ్రతతో ఇంకో భూకంపం వచ్చింది. తర్వాత కంపనాలు నెమ్మదించాయి. ఫెంటాలే నుంచి గానీ దోఫెన్ నుంచి గానీ చుక్క లావా రాలేదు. గుడారాల్లో ఉన్నవాళ్లకు మాత్రం గోడలు బీటలు వారిన ఇళ్లు మిగిలాయి, ఆ ఇళ్ల కింద కొత్తగా చేరి ఇంకా చల్లారని 50 కిలోమీటర్ల మాగ్మా గోడ.